కృత్రిమ మేధ - ఉన్నత విద్య

విద్యార్థి రాసిన వ్యాసం అతని ఆలోచనకు అద్దమని విశ్వవిద్యాలయాలు చిరకాలంగా విశ్వసిస్తూ వచ్చాయి. అధ్యాపకుడు విద్యార్థి బుద్ధిలోకి నేరుగా తొంగి చూడలేడు. అందువల్ల ఆ బుద్ధి కాగితం మీద విడిచిన జాడను చూసి మార్కులు వేయడం, ఆ మార్కులను బట్టి పట్టా ఇవ్వడం అనే పద్ధతి ఏర్పడింది. పాఠం చదవకుండా, విషయం గ్రహించకుండా, వాదాన్ని ఒక క్రమంలో అమర్చుకోకుండా నాలుగు పుటల వ్యాసం రాయడం ఎవరికీ సాధ్యం కాదన్న నమ్మకమే ఈ పద్ధతికి పునాది. 2022 నవంబరు 30న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన ఓపెన్ ఏఐ సంస్థ చాట్‌జీపీటీని ప్రజల ముందుకు తెచ్చిన నాటి నుండి ఆ పునాది కదిలిపోయింది.

అంతకుముందు మనకు పరిచయమైన కంప్యూటరు లెక్క కట్టేది, దాచిపెట్టేది, అడిగినదాన్ని వెతికి చూపేది. తానుగా వాక్యాలు కూర్చి సమాధానం చెప్పేది కాదు. ఉత్పాదక కృత్రిమ మేధ అని పిలుస్తున్న ఈ కొత్త యంత్రానికి అపారమైన పాఠ్యరాశిని ముందుపెట్టి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఎంత ఉందో లెక్కించడం నేర్పుతారు. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రతిపాదించిన ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం దీనికి ఆధారం. వాక్యంలోని మాటలన్నిటికీ పరస్పరం ఉన్న సంబంధాన్ని ఒక్కసారే తూచగలగడం దాని విశేషం.

మన ప్రాచీన శాబ్దికులు పదాల గుంపు వాక్యం కావడానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడు గుణాలు ఉండాలన్నారు. ఒక మాట మరొక మాటను కోరుకోవడం ఆకాంక్ష. ఆ మాటలు దగ్గర దగ్గరగా ఉండడం సన్నిధి. చెప్పిన అర్థాల మధ్య పొంతన ఉండడం యోగ్యత. నిప్పుతో తడిపాడంటే ఆకాంక్ష ఉంది, సన్నిధి ఉంది, యోగ్యత లేదు. ఈ మూడింటిలో మొదటిదాన్నీ చివరిదాన్నీ యంత్రం ఆశ్చర్యం గొలిపేంతగా వశం చేసుకున్నది. యోగ్యతను కూడా చదివిన పాఠాల అనుకరణతో చాలామేరకు సాధిస్తుంది. కానీ పొంతన కుదిరిన వాక్యం నిజమైన వాక్యం కానక్కరలేదు. లోకంలో లేని గ్రంథానికి పేరు పెట్టి, రచయితను కల్పించి, పుట సంఖ్యతో సహా చెప్పినా ఆ వాక్యంలో వ్యాకరణ దోషం కనిపించదు. 2023లో న్యూయార్కులోని ఒక ఫెడరల్ న్యాయస్థానంలో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీ సృష్టించిన తీర్పులను నిజమైనవిగా నమ్మి దాఖలు చేశారు. ఆ తీర్పులు ఎక్కడా లేవని తేలిన మీదట న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానా విధించాడు. చదువు పూర్తిచేసి, ఏళ్ల తరబడి వృత్తిలో ఉన్నవారికే ఈ పొరపాటు సంభవించినప్పుడు, విషయంలో అప్పుడే అడుగుపెడుతున్న విద్యార్థికి నిజమేదో కల్పన ఏదో తేల్చుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

గ్రంథచౌర్యం విద్యారంగానికి కొత్తది కాదు. దాన్ని అరికట్టడానికి మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు రూపొందించింది. సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటకపోతే శిక్ష లేదు. అక్కడి నుండి పోలిక పెరిగేకొద్దీ శిక్ష పెరుగుతుంది. 60 శాతం మించితే పరిశోధకుని నమోదే రద్దవుతుంది. ఈ పోలికను లెక్కించే కంప్యూటరు ప్రోగ్రాములు పాత రచనల్లోని మాటల వరుసను కొత్త రచనతో సరిచూస్తాయి. యంత్రం రాసిన వ్యాసం ఏ పుస్తకంలోనూ అదే వరుసలో ఉండదు. ఒకే ప్రశ్నను పదిమంది అడిగితే పది రకాలుగా రాసిపెడుతుంది. అంటే ఇక్కడ దొంగిలించిన సొత్తు ఉంది కాని సొత్తు పోగొట్టుకున్నవాడు కనిపించడు. పాత నిబంధన దీన్ని పట్టుకోలేదు.

తొలుత విద్యాసంస్థలు నిషేధానికి పూనుకున్నాయి. 2023 జనవరిలో పారిస్‌లోని సియాన్స్ పో విద్యాసంస్థ, చెప్పకుండా చాట్‌జీపీటీని వాడిన విద్యార్థికి బహిష్కరణ వరకు శిక్ష ఉంటుందని ప్రకటించింది. ఫిబ్రవరిలో హాంకాంగ్ విశ్వవిద్యాలయం తాత్కాలికంగా నిషేధించి, ఏడాది తిరగకముందే మనసు మార్చుకొని తానే విద్యార్థులకు ఆ సాధనాన్ని సమకూర్చింది. చేతిలోని ఫోనులో ఉన్నదాన్ని గుమ్మం దగ్గర ఆపడం సాధ్యం కాదని అందరికీ త్వరలోనే బోధపడింది. బ్రిటన్‌లోని హెపీ అనే విద్యావిధాన సంస్థ జరిపిన సర్వేలో, మూల్యాంకనానికి సంబంధించిన పనుల్లో కృత్రిమ మేధను వాడుకున్నామని చెప్పిన విద్యార్థులు 2024లో 53 శాతం కాగా 2025 నాటికి 88 శాతం అయ్యారు.

నిషేధం తరువాత వచ్చింది పసికట్టే యంత్రం. రాసినది మనిషా యంత్రమా అన్నది చెప్పగలమంటూ అనేక ప్రోగ్రాములు వెలువడ్డాయి. ఈ ఘట్టం విద్యార్థులు శ్రద్ధగా తెలుసుకోదగినది. ఎందుకంటే అన్యాయం ఎక్కువగా జరిగింది ఇక్కడే. ఓపెన్ ఏఐ సంస్థే 2023 జనవరిలో ఒక పరీక్షక ప్రోగ్రామును విడుదల చేసింది. యంత్రం రాసిన పాఠాల్లో అది గుర్తించగలిగినవి 26 శాతం మాత్రమే. మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని యంత్రానివని పొరపాటు పడింది. ఆరు నెలలకే, కచ్చితత్వం చాలదంటూ దాన్ని ఆ సంస్థ ఉపసంహరించుకున్నది. తయారుచేసినవారికే తమ యంత్రం రాతను ఆనవాలు పట్టడం సాధ్యం కాలేదన్నమాట.

అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు పరీక్షక ప్రోగ్రాములను పరిశీలించారు. ఇంగ్లీషు మాతృభాష కాని విద్యార్థులు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను వాటికి ఇచ్చారు. సగటున సగానికి పైగా వ్యాసాలను అవి యంత్ర రచనలని తేల్చాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాల విషయంలో మాత్రం అవి దాదాపు తప్పు చేయలేదు. కారణం సులభమే. ఈ ప్రోగ్రాములు తరువాతి మాటను ఎంత తేలికగా ఊహించవచ్చునో చూస్తాయి. తేలికగా ఊహించగలిగితే అది యంత్ర రచన అంటాయి. పరభాషను పాఠ్యపుస్తకాల నుండి కష్టపడి నేర్చుకున్న విద్యార్థి తనకు తెలిసిన కొద్ది మాటలతో, తప్పులు దొర్లకుండా, జాగ్రత్తగా రాస్తాడు. ఆ జాగ్రత్తే అతని పాలిట నేరమైంది. గుంటూరు నుండో కరీంనగర్ నుండో పై చదువుల కోసం అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలకు వెళ్తున్న వేలాది తెలుగు విద్యార్థులు రాసే ఇంగ్లీషు సరిగ్గా ఈ రకానికి చెందినదే. పరాయి దేశంలో, అప్పు చేసి చదువుతున్న విద్యార్థి మీద అటువంటి నింద పడితే పోయేది ఒక పరీక్షలోని మార్కులే కాదు, వీసా కూడా ప్రమాదంలో పడుతుంది. తాను రాయలేదని నిరూపించడం నిందించినవారికి సాధ్యం కాదు. తానే రాశానని నిరూపించుకోవడం అతనికీ సాధ్యం కాదు.

2023 మే నెలలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక అధ్యాపకుడు తన విద్యార్థుల వ్యాసాలను చాట్‌జీపీటీకే ఇచ్చి, ఇవి నీవు రాసినవేనా అని అడిగాడు. అది అవునన్నది. దాంతో తరగతిలో చాలామందికి పట్టాలు రావడం సందేహంలో పడింది. తాను రాసినదేదో జ్ఞాపకం పెట్టుకునే ఏర్పాటు ఆ యంత్రానికి లేదన్న సంగతి ఆయనకు తెలియదు. సాక్షిని విచారించే ముందు ఆ సాక్షికి కళ్లున్నాయో లేవో చూడాలి కదా! మన దేశంలోనూ 2024లో ఒక న్యాయశాస్త్ర విద్యార్థి, తన సమాధానాలను యంత్రం రాసిందని చెప్పి తనను ఫెయిల్ చేసిన విశ్వవిద్యాలయం మీద పంజాబ్, హర్యానా హైకోర్టును ఆశ్రయించాడు. విశ్వవిద్యాలయం అతడు ఉత్తీర్ణుడైనట్లు ప్రకటించడంతో ఆ వివాదం ముగిసింది.

అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఈ విషయంలో చిన్న లెక్క వేసింది. 2022లో తమ విద్యార్థులు సమర్పించిన రచనలు 75,000. పరీక్షక ప్రోగ్రాము నూటికి ఒక్క తప్పే చేస్తుందని నమ్మినా 750 రచనల మీద అకారణంగా నింద పడుతుంది. ఈ లెక్క చూపి 2023 ఆగస్టులో ఆ విశ్వవిద్యాలయం ఆ ప్రోగ్రామును నిలిపివేసింది. ఇది వివేకమైన నిర్ణయం.

యంత్రం కాకపోతే అనుభవజ్ఞుడైన అధ్యాపకుడు పోల్చుకోలేడా అన్న ప్రశ్నకు బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయంలో సమాధానం దొరికింది. అక్కడి పరిశోధకులు లేని విద్యార్థులు 33 మందిని సృష్టించి, వారి పేరిట యంత్రం రాసిన సమాధానాలను మనస్తత్వశాస్త్ర పరీక్షలకు పంపారు. దిద్దేవారికి ఈ సంగతి తెలియదు. వాటిలో 94 శాతం ఎవరి అనుమానానికీ గురికాలేదు. పైగా నిజమైన విద్యార్థుల కంటే వాటికే సగటున ఎక్కువ మార్కులు వచ్చాయి. 2024లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

ఇదంతా విని యంత్రం వచ్చి చదువును చెడగొట్టిందని అనుకోవడం న్యాయం కాదు. తెలుగునాట ఇంజనీరింగ్ కళాశాలల్లో సీనియర్ల ప్రయోగశాల రికార్డును జూనియర్లు బొమ్మలతో సహా ఎత్తి రాయడం తరతరాలుగా సాగుతున్నదే. చివరి సంవత్సరం ప్రాజెక్టును హైదరాబాదులోని అమీర్‌పేటలో డబ్బిచ్చి కొనుక్కోవచ్చునన్నది విద్యార్థులకూ అధ్యాపకులకూ తెలిసిన రహస్యమే. విదేశీ విశ్వవిద్యాలయాలకు పంపే స్వీయ పరిచయ పత్రాలను కన్సల్టెన్సీలు రాసిపెట్టాయి. చేయించుకునే స్తోమత ఉన్నవాడికే ఇంతవరకు ఆ సదుపాయం ఉండేది. ఇప్పుడు అది అందరికీ ఉచితంగా అందింది. రికార్డు దిద్దే అధ్యాపకుడు పుటలు తిప్పి సంతకం చేసినంత కాలం, రాసింది సీనియరైనా యంత్రమైనా ఒకటే.

అయితే చదువు విషయంలో యంత్రం చేసే మేలేమిటి, కీడేమిటి? దీనికి స్పష్టమైన సమాధానం చెప్పిన పరిశోధనల్లో ఒకటి తుర్కియేలో జరిగింది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి ఉన్నత పాఠశాలకు చెందిన దాదాపు వెయ్యిమంది విద్యార్థులను గణితాభ్యాసంలో మూడు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి పుస్తకాలే ఇచ్చారు. రెండో వర్గానికి అడిగినదానికల్లా జవాబు చెప్పే యంత్రాన్ని ఇచ్చారు. మూడో వర్గానికి జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చే యంత్రాన్ని ఇచ్చారు. అభ్యాస సమయంలో రెండో వర్గం మొదటి వర్గం కంటే 48 శాతం, మూడో వర్గం 127 శాతం మెరుగ్గా లెక్కలు చేశాయి. తరువాత యంత్రాలను తీసివేసి పరీక్ష పెట్టారు. రెండో వర్గం మొదటి వర్గం కంటే 17 శాతం వెనుకబడింది. మూడో వర్గానికి ఆ నష్టం లేదు, చెప్పుకోదగిన లాభమూ లేదు. రెండో వర్గంవారు తమకు లెక్కలు వచ్చేశాయనే అనుకున్నారు. ఇతరులు చేసిన వంటను తిని, తనకు వంట వచ్చిందనుకోవడం వంటిది ఇది.

మూడో వర్గానికి ఇచ్చిన యంత్రం వంటిదే హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు విజ్ఞానపు తొలి కోర్సులో 2023 నుండి వాడుకలో ఉంది. దాని గుర్తు బాతు బొమ్మ. ప్రోగ్రాములో దోషం దొరకనప్పుడు ఎదురుగా రబ్బరు బాతును పెట్టుకొని, దానికి వివరిస్తూ పోతే దోషం తనంతట తానే బయటపడుతుందన్న కంప్యూటరు వృత్తివారి పాత అలవాటు నుండి ఆ బాతు వచ్చింది. ఈ కొత్త బాతు జవాబు చెప్పదు, దారి చూపుతుంది. అదే విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విద్యార్థులు 194 మందితో జరిపిన మరొక ప్రయోగంలో, అధ్యాపకులే శ్రద్ధగా రూపొందించిన యంత్ర శిక్షకుడి దగ్గర నేర్చినవారు తరగతిలో నేర్చినవారి కంటే తక్కువ సమయంలో ఎక్కువ గ్రహించారు. ఇక్కడ గమనించవలసింది ఆ శిక్షకుడికి పాఠాన్నీ, అడిగే తీరునూ, ఆగవలసిన చోటునూ ముందుగా నిర్ణయించి పెట్టినవారు అధ్యాపకులేనన్న సంగతి.

తెలుగు మాధ్యమంలో చదివి, ఇంగ్లీషులో బోధించే కళాశాలలో చేరిన విద్యార్థి స్థితిని ఈ సందర్భంలో తలచుకోవాలి. తరగతిలో సందేహం కలిగినా, ఇంగ్లీషులో అడగలేక, తెలుగులో అడిగితే నవ్వుతారేమోనన్న సంకోచంతో మౌనంగా ఉండిపోయేవారు ఎందరో ఉంటారు. అటువంటి విద్యార్థి ఇప్పుడు రాత్రి పదిగంటలకు హాస్టలు గదిలో కూర్చుండి ఉష్ణగతికశాస్త్రంలో ఎంట్రోపీ అంటే ఏమిటో తెలుగులో అడగవచ్చు. నాలుగుసార్లు అడిగినా యంత్రం విసుగుకోదు. ఇది చిన్న మేలు కాదు. అయితే యంత్రం చదివిన పాఠ్యరాశిలో ఇంగ్లీషుతో పోలిస్తే తెలుగు పాలు చాలా స్వల్పం. అందువల్ల దాని తెలుగు పలుచోట్ల ఇంగ్లీషు వాక్యానికి తెలుగు తొడుగు వేసినట్లుంటుంది. పద్యం అడిగితే పాదాలు నాలుగూ పేరుస్తుంది కాని యతి తప్పడం, గణాలు చెదరడం తరచు కనిపిస్తుంది. గణవిభజన చేయడం వచ్చిన విద్యార్థి దాన్ని వెంటనే పట్టుకుంటాడు. రానివాడు ఒప్పుకుంటాడు.

అధ్యాపకులు కూడా ఈ ప్రలోభానికి అతీతులు కారు. పాఠ్యాంశాల తయారీకి, ప్రశ్నపత్రాలకు, చివరకు దిద్దడానికి కూడా కొందరు యంత్రాన్ని ఆశ్రయిస్తున్నారు. 2025లో బోస్టన్ నగరంలోని ఒక విశ్వవిద్యాలయంలో, అధ్యాపకుడు ఇచ్చిన పాఠ్యాంశాల మధ్య యంత్రానికి ఇచ్చిన ఆదేశం చెరపకుండా ఉండిపోవడం ఒక విద్యార్థిని కంటపడింది. విద్యార్థులు వాడరాదని నిబంధన పెట్టినవారే వాడినందుకు, కట్టిన ఫీజు ఎనిమిదివేల డాలర్లకు పైగా తిరిగి ఇవ్వాలని ఆమె కోరింది. విశ్వవిద్యాలయం అంగీకరించలేదు. ఫీజు సంగతి ఎలా ఉన్నా ఆమె అడిగిన ప్రశ్న సబబైనదే. విద్యార్థి యంత్రంతో రాయించి, అధ్యాపకుడు యంత్రంతో దిద్దిస్తే ఆ తరగతిలో చదువుకున్నవారెవరూ లేరు.

ఇక పరీక్షల సంగతి. రాతపరీక్ష అనాదిగా ఉన్నదేమీ కాదు. ఐరోపా విశ్వవిద్యాలయాల్లో శతాబ్దాలపాటు పరీక్ష అంటే సభలో నిలబడి వాదించడమే. కేంబ్రిడ్జిలో గణితానికి రాతపరీక్షలు 18వ శతాబ్దంలో వాడుకలోకి వచ్చాయి. 1857లో లండన్ విశ్వవిద్యాలయం నమూనాపై కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడడంతో ఆ పద్ధతి మన దేశంలో స్థిరపడింది. అంతకుముందు మన విద్వత్పరీక్షలు కూడా నోటిమాట మీదే నడిచాయి.

వాటిలో అవధానాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా ప్రచారంలోకి తెచ్చిన ఈ విద్యను సాధారణంగా ధారణాశక్తి ప్రదర్శనగానో వినోదంగానో భావిస్తారు. పరీక్షా పద్ధతిగా చూస్తే దాని నిర్మాణంలోని తెలివి బోధపడుతుంది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరువాత రావడానికి అవకాశమున్న అక్షరాన్ని పృచ్ఛకుడు నిషేధిస్తాడు. అవధాని మరొక దారి వెతుక్కోవాలి. ముందుగా రాసిపెట్టుకున్న పద్యం అక్కడ అక్కరకు రాదు. తరువాతి మాటను ఊహించడమే యంత్రం పని అనుకున్నాం. ఊహకు అందిన మాటను అడ్డగించడమే నిషిద్ధాక్షరి పని! దత్తపదిలో పొంతన లేని నాలుగు మాటలిచ్చి పద్యంలో ఇమడ్చమంటారు. సమస్యలో అసంబద్ధమైన పాదమిచ్చి సంబద్ధం చేయమంటారు. అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య ధ్యానభంగం చేస్తుంటాడు. చివరకు అన్ని పద్యాలనూ వరుసగా అప్పజెప్పాలి. పద్యం ఎంత బాగుందన్నది ఒక్కటే కాదు, అది పుట్టిన తీరును సభ అంతా కళ్లారా చూస్తుంది. తయారైన వస్తువును కాక, తయారవుతున్న క్రమాన్ని పరీక్షించడం ఇదే.

నేటి విశ్వవిద్యాలయాలు వెతుకుతున్న మార్గాలన్నీ ఇంచుమించు ఈ దిక్కుకే పోతున్నాయి. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయం 2025 నుండి మూల్యాంకనాన్ని రెండు పాయలుగా విడదీసింది. ఒక పాయలో అధ్యాపకుల సమక్షంలో, యంత్రం తోడు లేకుండా పరీక్ష జరుగుతుంది. రెండో పాయలో ఇంటి దగ్గర చేసే పనులకు యంత్రాన్ని వాడుకోవచ్చు, వాడుకున్నట్లు చెప్పాలి. అమెరికాలో నీలిరంగు అట్టల జవాబు పుస్తకాలు, చేతిరాత పరీక్షలు మళ్లీ వాడుకలోకి వస్తున్నాయి. చేతిరాత పరీక్షకూ లోపాలున్నాయి. మూడు గంటల్లో గుర్తున్నది కక్కడం వేరు, మూడు వారాలు గ్రంథాలయంలో కూర్చుండి ఒక విషయాన్ని మథించి రాయడం వేరు. మొదటిదానికి భయపడి రెండోదాన్ని వదులుకుంటే నష్టపోయేది సాహిత్యం, చరిత్ర వంటి శాస్త్రాలే. వేగంగా రాయలేని విద్యార్థులకు, దృష్టిలోపం ఉన్నవారికి చేతిరాత మరొక అడ్డంకి అవుతుంది.

అందుకే కొన్ని శాఖల్లో మధ్యేమార్గం అనుసరిస్తున్నారు. విద్యార్థి వ్యాసంతో పాటు తొలి చిత్తుప్రతులను, యంత్రాన్ని వాడి ఉంటే దానితో జరిపిన సంభాషణను కూడా సమర్పిస్తాడు. తరువాత అధ్యాపకుని ఎదుట కూర్చుండి తన వ్యాసం మీద ప్రశ్నలకు సమాధానం చెబుతాడు. ఈ వాదాన్ని ముందు ఎందుకు పెట్టావు, ఈ గ్రంథంలో ఆ మాట ఎక్కడుంది, దీన్ని ఖండించేవాడు ఏమంటాడు అన్న మూడు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పినవాడు యంత్రం సాయం పొందినా పొందకపోయినా ఆ విషయం తెలిసినవాడే. సంకోచం ఎక్కువగా ఉన్న విద్యార్థికి ఈ ముఖాముఖి కొంత కఠినంగా ఉండవచ్చు. దాన్ని తగ్గించే బాధ్యత అడిగేవారిది. అసలు చిక్కు మరొకటి. ఒక్కొక్కరికి పది నిమిషాలు కేటాయించినా, 120 మంది విద్యార్థులున్న తరగతికి 20 గంటలు పడుతుంది. వారానికి పదహారు గంటల పాఠాలు చెప్పే అధ్యాపకునికి ఆ సమయాన్ని ఎక్కడి నుండి తెచ్చి ఇవ్వాలన్నది విశ్వవిద్యాలయాల కాలపట్టికల్లో ఇంకా చోటు దొరకని ప్రశ్న.